కొసరు కింద ఇచ్చిన సమాధులు

గోదావరిఖనిలో మా నాన్న కిరాణా దుకాణంలో నేను మొదట నేర్చుకున్న విద్య కొసరు వేయడం. తూకం అయ్యాక పిడికెడు పప్పు పైన పడేస్తే గిరాకీ ఇంకో దుకాణం మెట్టు ఎక్కడు. మనకు పెద్దగా పోయేది ఉండకూడదు, అవతలివాడికి దండిగా కనిపించాలి. పాస్టర్‌నయ్యాక ఆ విద్య మానేశాననుకున్నాను. మానలేదు.

రామగిరి దిక్కున నేను సేవ చేసే ఊరు ఓపెన్‌కాస్ట్ గని కింద పోతోంది. మా గుడికి, సమాధుల తోటకు వేరే స్థలం మాట్లాడటానికి పెద్దపల్లిలో భూసేకరణ ఆఫీసుకు వెళ్లాను. ఒక్కణ్నే వెళ్లాను. అదే తప్పు. మాది ప్రెస్బిటేరియన్ సంఘం. పాస్టర్ వాక్యం చెబుతాడు, నిర్ణయం మాత్రం సంఘ పెద్దలు కూర్చుని చేస్తారు. వాళ్లలో సగం మంది గని షిఫ్టుల్లో ఉంటారు, అందరూ కలిసేది ఆదివారమే. బేరం ఆదివారం దాకా ఆగుతుందా అనుకున్నాను.

ఆఫీసరు వాగు పక్క పల్లపు భూమి చూపించాడు. నేను రోడ్డు పక్క జాగా అడిగాను. కుదరదన్నాడు. వెళ్లిపోతున్నట్టు లేచాను. ఆయన ఆపలేదు. సిగ్గులేకుండా మళ్లీ కూర్చున్నాను.

“పాత సమాధులు తరలించమని అడగం సార్. కొత్తవి నాలుగైదు తీసుకుపోతాం. మీకూ పని తప్పుతుంది.”

ఆయన వెంటనే కాగితం తీశాడు. సంతకం పెట్టి, బస్సు దిగేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక విషయం చెప్పాను. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక చాపమీద కూర్చున్న అవ్వ లేచింది. ఆమె భర్త గని కార్మికుడు, పోయి చాలా ఏళ్లయింది. ఆయన పక్కన తనకోసం జాగా ఉంచుకుంది.

“అయ్యగారూ, మా ఆయిన పాతోళ్లల్ల వస్తడా, కొత్తోళ్లల్ల వస్తడా?”

“పాతవాళ్లలోనే, అవ్వా.”

“అంటే మట్టితోని కలిపి తోడి లారీల ఎత్తుతరు.”

“రోడ్డు పక్క జాగా దొరికింది అవ్వా. అందరికీ సులువు.”

“ఎవలికి సులువు? సచ్చినోళ్లు బస్సెక్కుతరా?”

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

“మీ నాయిన దుకాణంల సరుకు తెచ్చుకున్నదాన్ని. ఆయిన పప్పు కొసరేసెటోడు. నువ్వు నా మొగన్ని కొసరేసినవ్.”

నాకు ఒళ్లు మండింది. మొదట ఆమె మీద, తర్వాత ఆ ఆఫీసరు మీద. కానీ సమాధులు వదిలేయమని ఆయన అడగనే లేదు. అన్నది నేను. నావి కాని ఎముకలను నా తెలివితేటల కోసం బల్ల మీద పెట్టింది నేను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారకూడదు కూడా.

సోమవారం డ్యూటీ మానుకుని ఇద్దరు పెద్దలు నాతో వచ్చారు. నేను నోరు తెరవకూడదని తీర్మానం.

“మా సంఘంల పాస్టర్ సంతకం ఒక్కటే చెల్లదు సార్,” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

ఆఫీసరు నావైపు తిరిగాడు. “మీరు చెప్పలేదే?”

“చెప్పలేదు,” అన్నాను.

పెద్దలు అడిగినట్టే సమాధులన్నీ తరలించవచ్చన్నాడు. అయితే రోడ్డు పక్క జాగా లేదు, వాగు పక్కదే. నా నాలుక మీదికి ఇంకో బేరం వచ్చింది. పెద్దాయన బల్ల కింద నా కాలు తొక్కాడు.

తవ్విన రోజు అవ్వ కొత్త తువ్వాల తెచ్చింది. ఆయనలో మిగిలిందంతా అందులో పట్టింది. వాగు పక్కన మట్టి కప్పాక, ఆమె ఆ పక్కనే చెప్పులు విడిచి నిలబడింది.

“ఈడ నాకు జాగ ఇడువుండ్రి.”

“వానాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తాయి అవ్వా. కొంచెం మెరక మీద...”

“నిలిస్తె నిలవని. ఇద్దరం తడుస్తం. నువ్వు మళ్ల బేరం జెయ్యకు.”