కంప కింద నాయన

మార్కాపురంలో పలకల గోదాము పక్క సందులో, మేడ మీద, ఒక మ్యాపుల ఆఫీసు ఉంది. అందులో కిటికీ పక్క కుర్చీ హెప్సిబాది. పెళ్లికి ముందు నుంచీ అదే కుర్చీ. డిగ్రీ చదివి కుట్టుమిషను తొక్కుకుంటున్న పిల్లను పిలిచి పని నేర్పింది ఆ ఆఫీసే. నేర్చుకున్నాక ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కాన్పుకు పోతూ కూడా, నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడితే ఊరుకునేది లేదని యజమానికి చెప్పి మరీ పోయింది. ఆయన కూర్చోబెట్టలేదు, ఆమె సంగతి తెలుసు కాబట్టి.

మీ అమ్మాయి ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే వాళ్లమ్మ కోటమ్మ, కంప్యూటర్లో పొలాలు గీస్తుందని చెప్పేది. అందులో తప్పేమీ లేదు. అడుగున డ్రోను తీసిన ఫోటో ఉంటుంది. దాని మీద రోడ్లు ఒక లేయరు, ఇళ్లు ఒక లేయరు, చెరువులూ కుంటలూ ఇంకొకటి, కంపచెట్లు మరొకటి. గాజు పలకల మీద వేరువేరుగా గీసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టన్నమాట. కావలసింది వెలిగించుకోవచ్చు, అడ్డమైనదాన్ని ఆర్పేయవచ్చు.

ఈమధ్య వాళ్ల ఆఫీసుకు పుల్లలచెరువు వైపు ఊళ్లకు మంచినీళ్ల పైపులైను పని వచ్చింది. ఆ ఊళ్లలో హెప్సిబా పుట్టిన పేట కూడా ఉంది. బోరు నీళ్లు తాగి తాగి పళ్లు గారపట్టిన జనం వాళ్లు. ఆ మ్యాపు ఇంకెవరికీ ఇవ్వనివ్వకుండా లాక్కుని, తనే గీసింది. పైపు ఎటు పోవాలో నిర్ణయించేది పైవాళ్లు. కానీ ఎక్కడ ఏముందో చూపేది ఈమె లేయర్లే. సమాధుల తోటను ఎంతో జాగ్రత్తగా చుట్టుగీత గీసి కట్టేసింది. ఫోటోలో సున్నం వేసిన సిమెంటు సమాధులు తెల్లగా, స్పష్టంగా కనిపించాయి. వాటి పక్కన బూడిదరంగు మచ్చలు కొన్ని ఉంటే, కంపచెట్ల లేయరులో పడేసింది. ఆ కంప మీదుగానే పైపు గీత వచ్చింది.

ఇక్కడొక మాట చెప్పాలి. హెప్సిబా నాయన కరుణాకరం పోయినేడు వానల్లో పోయాడు. సరిగ్గా అప్పుడే ఈమె ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది. కడచూపు లేదు. పచ్చి బాలింతవు, పసిబిడ్డను పెట్టుకుని సమాధుల్లోకి రావద్దని తర్వాత పెద్దవాళ్లు పోనివ్వలేదు. ఆ తర్వాత పిల్లాడికి జ్వరాలు, ఆఫీసు పని. మొత్తం మీద నాయనను పెట్టిన చోటు ఎక్కడో ఆమె కళ్లతో చూడనే లేదు. ఆ ముల్లు గుండెలో అలాగే ఉండిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచిందో లేదో, కోటమ్మ ఫోను చేసింది. పేటంతా మిరప కోతలకు పోయారట. ఇప్పుడే చేలో అన్నాలకు కూర్చున్నారట. మనవడి కబుర్లన్నీ అయ్యాక ఆమె మామూలుగా అన్న మాట ఇది.

"పొద్దున మీ నాయన మీద కొత్త కంప కొట్టి కప్పొచ్చినానే. పాతది మేకలు ఈడ్చేసినాయి. నేనొస్తాంటే మీ పైపుల మిషను కూడా వచ్చింది, తోట కాడికి."

హెప్సిబా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో పుట్టిన పిల్లకు ఆ సంగతి తెలియదా అంటే, ఎందుకు తెలియదు? కొత్తగా పూడ్చిన చోట కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పుతారు. సిమెంటు కట్టించే స్తోమత వచ్చేదాకా ఆ కంపే సమాధి. చిన్నప్పుడు తనూ మోసింది. కానీ తెర ముందు కూర్చుంటే కంటికి రంగే కనిపిస్తుంది, ఊరు కనిపించదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఎడం చేత్తో మౌసు పట్టుకుని కంపచెట్ల లేయరు ఆర్పింది, వెలిగించింది, మళ్లీ ఆర్పింది. సమాధుల పక్కనే ఆ మచ్చలు వరసగా ఉన్నాయి. చెట్లు ఎక్కడైనా అలా వరస కట్టి మొలుస్తాయా? పైపు గీత వాటి నడినెత్తి మీదుగా పోతోంది. ఏడుపు కూడా రాలేదు, అంత భయపడింది.

పైపుల పని చూసే ఆనంద్ బాబుది కనిగిరి. మంచివాడే, కానీ మిషను పక్కన ఉంటే ఫోను వినపడి చావదు. చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. దేవుడా ఎత్తించు, ఎత్తించు అనుకుంటూనే ఉంది. చివరికి మిషను మోత మధ్య అతని గొంతు వినిపించింది. తోట పక్కన తవ్వకం ఆపమని చెప్పింది.

"మీ మ్యాపులో ఈడ కంపే గదమ్మా ఉండేది?"

"కంపే అన్నా. ఆ కంప కింద మా నాయన ఉండాడు."

అతను ఎవరినో కేకేశాడు. మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమె చెవికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. కానీ ఆనంద్ బాబు గొంతు సవరించుకుని, ఇప్పుడే ఒక కంప కుప్ప మీద మిషను తవ్వే బకెట్టు పడిందని, కంప లేచిపోయిందని మెల్లగా చెప్పాడు. అది ఎవరిదో అతనికి తెలియదు.

హెప్సిబా తల్లికి ఫోను చేసింది. కోటమ్మ మిరపచేను నుంచి చెంగు బిగించి పరుగెత్తింది. ఆమె అక్కడికి చేరేదాకా ఇక్కడ ఈమె కుర్చీలో కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. పక్క సీటు అమ్మాయి నీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అలాగే ఉంది. చివరికి ఫోను మోగింది. తల్లి గొంతులో ఏడుపు లేదు, చిరాకు ఉంది.

"ఏందే ఈ మనుషులు. రేపటికని కొట్టి పెట్టుకున్న కంపంతా నుజ్జు చేసినారు. కింద ఏం లేదు, ఉత్త నేలే. మీ నాయన దానికవతల పండుకోనుండాడు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆఫీసంతా చూస్తున్నా పట్టించుకోకుండా, అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఏడ్చింది. భారమంతా దిగిపోయింది.

ఇక కోటమ్మ ఊరుకుంటుందా? ఆనంద్ బాబును వెంటబెట్టుకుని తిప్పింది. ఇది మా చిన్నత్త, ఇది సుబ్బులమ్మ బిడ్డ, కాలు పెట్టమాక, పక్కన నిలబడు అంటూ ఒక్కో కంప దగ్గరా ఆపింది. అతను ఫోనులో ఒక్కో చుక్క పెట్టి, పక్కన పేరు రాసి పంపాడు. హెప్సిబా వాటిని కంపచెట్ల లేయరులోంచి తీసి, తోట గీతను పెద్దది చేసి, కొత్త మ్యాపు పైవాళ్లకు పంపింది. తిట్లు తప్పవనుకుంది, కొన్ని పడ్డాయి కూడా. వాటిని సంతోషంగా పడింది. సాయంత్రానికి పైపు గీత రోడ్డు వారకు జరిగింది.

ఇంటికి బయలుదేరే ముందు తెర మీద ఆ చుక్కల్లో ఒకదాన్ని దగ్గరగా లాగి చూసింది. నాయన ఉన్న చోటు ఆమె చూడడం అదే మొదటిసారి. తల్లికి ఫోను చేసి, నాయన పక్కనే అంత మోత మోగింది గదమ్మా అంది.

"మీ నాయనకేం తెలుస్తది," అంది కోటమ్మ. "గుళ్లో పాస్టరుగారు మైకులో అరుస్తాంటేనే గురక పెట్టినోడు. ఆదివారం పిల్లోణ్ణి తీసుకోనిరా, సూపిస్తా."