హ్యాటీని దించుకునేవాళ్లు

లోర్నా వోస్కిల్ మా ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. పద్నాలుగేళ్లుగా ఆరో రూటు ఆమెదే. నేను గ్యారేజీలో డ్రైవర్లతో మాట్లాడే రేడియో ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చూసుకుంటాను. నా నోరు మంచిది కాదంటారు. కాకపోతేనేం, ఈ విషయం మెత్తగా చెప్పేది కాదు.

లోర్నా, రెనే ఇద్దరూ ఆడవాళ్లే, పదకొండేళ్లు కలిసి కాపురం చేశారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. "ఇంటి కప్పు బాగు చేయించాక పెద్ద విందు పెట్టి చేసుకుంటాం" అనేవాళ్లు. కప్పు కారుతూనే ఉంది. బిడ్డ మీద కోరిక మాత్రం ఆగలేదు. పుట్టే బిడ్డ ఇద్దరి రక్తమూ కావాలని లోర్నా పట్టుబట్టింది. మోసేది రెనే గనక, లోర్నా తన తమ్ముడు కర్ట్‌ని అడిగింది.

"నాకు పిల్లల గోల వద్దక్కా. మేనమామనైతే చాలు" అన్నాడు వాడు.

డాక్టరు లేడు, ఆసుపత్రి లేదు. ఆ ఇద్దరి బాత్రూమ్‌లోంచి కర్ట్ ఒక జామ్ సీసా అందించి, బయట ట్రక్కులో కూర్చుని వేయించిన చీజ్ ముక్కలు తిన్నాడు. సూది లేని సిరంజితో మిగతా పని లోర్నా చేసింది. మూడోసారికి రెనే నెల తప్పింది. హ్యాటీ పుట్టింది, అచ్చం వోస్కిల్ వాళ్ల దొప్ప చెవులతో. ఆసుపత్రి కాగితంలో తండ్రి పేరు దగ్గర ఏమీ రాయలేదు.

తెలిసిన లాయరు ఒకాయన అప్పుడే చెప్పాడు, వెంటనే పెళ్లి చేసుకుని బిడ్డను దత్తత తీసుకోమని. లోర్నా ఒళ్లు మండి నా దగ్గరికొచ్చింది.

"నా బిడ్డను నేను దత్తత తీసుకోవడమేంటి బెర్నీ? కోర్టు పంపినవాళ్లెవరో ఇంటికొచ్చి, నా ఫ్రిజ్ తెరిచి చూసి, నువ్వు తల్లివేనని చెప్పాలా?"

"బాగా అడిగావు" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

హ్యాటీకి నాలుగేళ్లప్పుడు రెనే మనసు ఇంకొకామె మీదికి పోయింది. ఇల్లు మారింది. బిడ్డను వారానికొకరు చూసుకుందామంటే ఒప్పుకోలేదు. లోర్నా కోర్టుకెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎందుకంటే ఈలోగా రెనే కర్ట్‌కి ఫోన్ చేసింది, ఇద్దరూ వెళ్లి ఖాళీగా ఉన్నచోట తండ్రిగా వాడి పేరు రాయించారు. తనకు జాలిగానే ఉందన్నాడు జడ్జి. చట్టం లెక్కలో మాత్రం లోర్నా బిడ్డకు మేనత్త, అంతే.

ఆ సాయంత్రం లోర్నాను కర్ట్ ఇంటికి నేనే తీసుకెళ్లాను.

"సంతకం ఎందుకు పెట్టావురా?"

"నా రక్తమే కదక్కా. శని, ఆదివారాలు నా దగ్గరుంచుతానంది."

"మేనమామనైతే చాలన్నావు."

"అప్పటికి అది పుట్టలేదుగా."

తల కూడా దించుకోలేదు వెధవ. రెనే ఏరు దాటి తెప్ప తగలేసిందనుకో, తోడబుట్టిన తమ్ముడే నమ్మించి గొంతు కోస్తే ఎవరితో చెప్పుకోవాలి? తిట్లన్నీ నేనే తిట్టాను.

సెప్టెంబరులో హ్యాటీ బడిలో చేరింది. రెనే కొత్త ఇల్లు ఆరో రూటు మీదే ఉంది. రూటు మారుస్తానని మా పైఅధికారి అంటే లోర్నా వద్దంది. పొద్దున పదకొండు నిమిషాలు, సాయంత్రం పదకొండు నిమిషాలు పిల్ల ఆమె వెనక సీట్లో కూర్చుంటుంది. అది చాలనుకుంది. పిల్ల ఆమెను ఇంకా మమ్మీ అనే పిలుస్తుంది. బస్సులో ఎవరూ దిద్దరు.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం రేడియో మోగింది.

"బెర్నీ, హ్యాటీని దించుకోడానికి ఎవరూ రాలేదు."

చిన్న తరగతి పిల్లల్ని పట్టీలో పేరున్న పెద్దవాళ్లకే అప్పగించాలి. లేకపోతే వెనక్కి బడికి తీసుకెళ్లాలి. పట్టీలో ఉన్న ముగ్గురికీ ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

"పట్టీలో ఎవరెవరున్నారు?" అంది లోర్నా.

"నీకు తెలుసు కదే."

"చదువు."

"రెనే. కర్ట్. రెనే కొత్తామె."

వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "మమ్మీ, నువ్వే దించుకో. మనింటికెళ్దాం."

రేడియోలో ఇంజను చప్పుడు వినిపిస్తోంది. నాకు చెప్పాలనిపించింది, తీసుకుపో, నేనేమీ వినలేదని. చెప్పలేదు. చెబితే ఆమె ఉద్యోగం పోయేది, ఆ పదకొండు నిమిషాలూ పోయేవి. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"బస్సు తిప్పుతున్నా" అంది చివరికి.

సోమవారం బడి ఆఫీసులో ఏదో పనుండి వెళ్లి, వాళ్ల పుస్తకం చూశాను. శుక్రవారం, నాలుగూ ఇరవై, హ్యాటీ. తెచ్చి అప్పగించినవారు: లోర్నా వోస్కిల్. బిడ్డకు ఏమవుతారు అన్నచోట మొదట ఏదో రాసి కొట్టేసింది. పక్కన, వంకరపోకుండా, 'డ్రైవర్' అని రాసింది.