ఇంటి శ్రుతి

ఆ వీధిలో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ప్రాణదాతే. పగలంతా చిన్న దుకాణంలో పాడైన ఫ్యాన్లు బాగుచేస్తాడు. సాయంత్రమైతే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెళ్లి విందుల్లో ఆర్కెస్ట్రాలో పాడతాడు. పాడేవన్నీ ప్రేమ కోసం ప్రాణమిచ్చే పాటలే. ఒక్క విందులోనే నాలుగైదుసార్లు ప్రాణం వదిలేసి, ఆనక శుభ్రంగా కూర్చుని భోంచేస్తాడు మహానుభావుడు!

ఇంట్లో మాత్రం సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే. దాని కింద పడుకునేది ఎవరో వేరే చెప్పాలా?

"పాటలో చందమామని తెచ్చిస్తారు, ఇంట్లో కాస్త గాలి ఇవ్వరు" అని భార్య దెప్పితే, "పాట పాటే, ఉక్క ఉక్కే" అని అటు తిరిగి పడుకుంటాడు.

అయినా ఆమెకు అతని పాటంటే మహా ఇష్టం. అతను సాధన చేస్తుంటే వంటింట్లో కూరలు తరుగుతూ ఆడగొంతు చరణాలు తనే అందుకునేది. పక్కింటాయన గోడ బాదుతాడన్న భయంతో ఇద్దరూ బాగా కింది శ్రుతిలో, మెల్లగా పాడుకునేవారు. ఆమె బొంగురు గొంతుకు ఆ శ్రుతి చక్కగా అతికిపోయింది.

ఒకనాడు విందు మొదలవబోతుండగా ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయికి గొంతు పట్టేసింది. ఆఖరి యుగళగీతం ఎవరు పాడతారని కీబోర్డు వాయించే కుర్రవాడు తల పట్టుకున్నాడు.

"మా ఆవిడకి మొత్తం వచ్చు" అని గొప్పగా అనేశాడు ప్రాణదాత.

కబురందగానే ఆమె చేతులు తుడుచుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది.

అది ప్రియురాలి సుఖం కోసం ప్రియుడు తప్పుకునే పాట. చివర్లో 'ప్రాణం' అన్న మాటను అతను పైకి, ఇంకా పైకి ఎత్తితే జనం లేచి నిలబడేవారు. ఆ చప్పట్ల కోసమే వారమంతా ఫ్యాన్ల దుమ్ము మింగేవాడు.

కీబోర్డు మీద శ్రుతి పలికింది. ఆమె గాభరాగా అతని పక్కకి జరిగింది.

"ఏవండీ, ఇది మనింటి శ్రుతి కాదు. ఇంత పైన నాకు గొంతు పలకదు. నలుగురిలో పరువు పోతుంది. నేను వెళ్లిపోతా."

ఓరి దేవుడా! వేదిక మీద శ్రుతి వేరన్న సంగతి చెప్పడమే మరిచాడు పెద్దమనిషి. దించితే తన పైస్వరం గల్లంతు. దించకపోతే ఆమె నవ్వులపాలు. ఇన్నేళ్లలో మొదటిసారి అతనికి నిజంగానే ప్రాణం ఉసూరుమంది.

"తమ్ముడూ, నాలుగు మెట్లు దించు."

"అన్నా, మరి నీ చప్పట్లు?"

"దించమన్నానా!"

ఆమె మొదట తడబడింది, తర్వాత కుదురుకుంది, ఆ పైన లోకాన్నే మరిచిపోయింది. తింటున్నవాళ్లు తినడం ఆపి విన్నారు. అతని కింది స్వరాలు మాత్రం గొంతులోనే ఉండిపోయాయి. 'ప్రాణం' అన్న మాట పక్కింట్లో చక్కెర అడిగినంత మామూలుగా వచ్చింది.

"మళ్లీ! మళ్లీ!" అని ఈలలు. అన్నీ ఆమెకే. ముందు వరుసలో ఒకావిడ గట్టిగానే అంది:

"ఆవిడ ఎంత బాగా పాడుతోందమ్మా! ఆయనకే పాపం, గొంతు లేదు."

ఆమె మనసు చివుక్కుమంది. "అయ్యో, అది కాదండీ, ఆయన నా కోసమే..." అంటూ మైకు దగ్గరికి వంగింది.

అతను చటుక్కున మైకు తన వైపు లాక్కున్నాడు.

"క్షమించాలండీ, జలుబు చేసింది" అని, అందరూ నమ్మేలా గట్టిగా దగ్గాడు.