మూడో చరణం దాకా

ఇప్పటికీ ఆ చర్చిలో ఎవరైనా గొంతు సవరించుకుంటే అందరికీ పాటల అమ్మమ్మే గుర్తొస్తుంది. ఎవరు పోయినా సమాధి పాట ఎత్తేది ఆవిడే. శవపేటిక పక్కన నిలబడి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, బాగా కింది స్థాయిలో మొదలుపెట్టేది. దుఃఖంలో ఎవరైనా పైకి అందుకుంటే మోచేత్తో పొడిచేది. "మొదట్లోనే అంత ఎత్తుకి ఎక్కితే మూడో చరణానికి గొంతు మిగులుతుందా? పునరుత్థానం ఉన్నది అక్కడేనే, పిచ్చిదానా!"

ఒక చలికాలం ఆవిడే మంచం పట్టింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఒక మధ్యాహ్నం మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నా పాట నువ్వెత్తాలి. ఏదీ, ఒకసారి అను" అంది. నలుగురిలో నోరు పెగలని పిల్ల అది.

"నీకు భయం వెయ్యట్లేదా అమ్మమ్మా?"

"నా తండ్రి ఇంటికి పోతుంటే భయమెందుకే? నువ్వెక్కడ శ్రుతి తప్పుతావోనన్నదే నా దిగులు."

ఏడుస్తూనే నవ్వేసింది మనవరాలు.

సమాధి రోజు ఆ పిల్లకు మొదటి మాటే రాలేదు. జనం ఎదురుచూస్తున్నారు. మెల్లగా అరచెయ్యి చెవి వెనక పెట్టుకుంది. అమ్మమ్మకు మాత్రమే వినిపించేంత కిందనుంచి పాట ఎత్తింది. ఒక్కొక్కరే కలిశారు. మూడో చరణం వచ్చింది. ఒక్క గొంతూ ఆగలేదు.