అలికిన గోడ మీద వేసిన నింద

మొన్న ఆదివారం చర్చిలో ఉండగా మా మావయ్య పోయాడని కోటబొమ్మాళి నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన దోమల మందు కొట్టే కూలీల మీద మేస్త్రీ. పాతపట్నం అవతల కొండ ఊళ్లలో ఏటా ఇంటింటికీ తిరిగి గోడలకు మందు కొట్టించేవాడు. మా ఇంటికొస్తే చెప్పులు విప్పకముందే నీళ్లతొట్టిలోకి వంగి చూసేవాడు. చిన్నప్పుడు నాకు ఒళ్లు వెచ్చబడితే చాలు, సైకిలెక్కించుకుని రక్తపరీక్షకు తీసుకెళ్లేవాడు. నేను బతికి ఉండటంలో ఆయన వాటా ఉంది.

ఆయనకు గిట్టనిదల్లా మందు కొట్టిన గోడని అలికెయ్యడం. ఆ తెల్లటి మరకలు, వాసన భరించలేక ఆడవాళ్లు మట్టీ పేడా కలిపి పూసేసేవారు. ఆ మందే మీకు కాపలా, దాన్ని కప్పెయ్యకండి అని బతిమాలేవాడు, తిట్టేవాడు. ఒక ఊళ్లో ఒకామె కూతురు మలేరియాతో పోయింది. గోడ అలికి పిల్లని నువ్వే చంపుకున్నావని ఊరందరి ముందూ ఆమెను నిలదీశాడు. ఆ నింద ఆమెకు అంటుకుపోయింది.

ఆ మరుసటి ఏడాదే, రాష్ట్రం విడిపోయినప్పుడు, మందు పనిచేస్తోందో లేదో చూడటానికి పై ఆఫీసు వాళ్లు వచ్చి పరీక్ష పెట్టారు. అప్పుడే మందు కొట్టిన, ఎవరూ అలకని గోడకు గిన్నెలాంటివి అంటించి, వాటిలో దోమల్ని కాసేపు ఉంచారు. మర్నాటికి కూడా చాలావరకు బతికే ఉన్నాయి. ఏళ్ల తరబడి అదే మందు కొడితే, తట్టుకున్న దోమలే మిగిలి పెరిగాయన్నారు. అంటే గోడ అలకకపోయినా ఆ మందు ఆ పిల్లని కాపాడేది కాదు.

మావయ్య ఆ పిల్ల తల్లి దగ్గరికి ఒక్కడే వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు.

"తిట్టినప్పుడు అందరి ముందూ తిట్టావు కదా బాబూ, ఇదీ అందరి ముందే సెప్పు" అందట.

ఆయన ఊరి ముందు చెప్పలేదు. ఈ సంగతి తెలిస్తే మందు కొట్టడానికి ఎవరూ ఇంట్లోకి రానివ్వరని సాకు చెప్పుకుంటూ వచ్చాడు. మంచం పట్టాక మాత్రం నాతో దాచలేదు.

"సిగ్గురా అల్లుడూ. ఇంకేటీ నేదు. నువ్వైనా సెప్పు." ఆయన పోయేదాకా నేనూ ఎవరికీ చెప్పలేదు.

సమాధి దగ్గర అందరూ ఆయన్ని పొగిడారు. ఆ పిల్ల తల్లి కూడా తన ఊరివాళ్లతో ఆటోలో వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు, గోడ అలకడం వల్ల ఆ పిల్ల చనిపోలేదని, ఆ నింద వేసింది మావయ్యేనని, అది తప్పని చెప్పాను. అత్త తల దించుకుంది. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"గట్టిగా సెప్పు బాబూ" అంది ఆ పిల్ల తల్లి. "మావోళ్లు ఎనకాలున్నారు."

మళ్లీ చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, తన ఊరివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.