తాడు లేని ఫోటో

ఆ రోజుల్లో మా కరీంనగర్‌లో ఫోటో బాగుందో లేదో తేల్చే కొలతలు చాలా తేలిగ్గా ఉండేవి. మొహం కనిపించాలి, కాళ్ళు తెగిపోకూడదు, చీర రంగు చీర రంగులాగే రావాలి. ఇవి కుదిరితే "మంచిగొచ్చింది", కుదరకపోతే "మంచిగ రాలే". విమర్శంటే అంతే. డిగ్రీ అయిపోయి ఏం చెయ్యాలో తోచని నేను, ఒక పెళ్ళిళ్ళ స్టూడియోలో ఆల్బమ్‌లు తయారుచేసే పనిలో చేరాను. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని పందిట్లో వేలాడే కరెంటు వైర్లు చెరిపెయ్యడం, భోజనాల దగ్గర తెరుచుకున్న బావమరుదుల నోళ్ళు ముయ్యడం, హుజూరాబాద్ ఫంక్షన్ హాలు ముందు నిలబడ్డ జంటను మంచు కొండల మీదికి చేర్చడం నా ఉద్యోగం. (ఆ కొండల మీద నేను నిలబెట్టిన పెళ్ళికొడుకుల్లో చాలామంది ఇప్పటికీ జిల్లా దాటలేదు.) వైరు చెరపడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా స్టూడియో నడిపే అన్న నలుగురిలో అనేవాడు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది. గొడవంతా అక్కడే మొదలైంది.

మా పెద్దమ్మ కూతుర్ని ఇంట్లో అందరూ బల్లి అనేవాళ్ళు. సిరిసిల్లలో వాళ్ళ నాన్న పనిచేసే మరమగ్గాల షెడ్డు గోడెక్కి కూర్చుని, దిగమంటే దిగేది కాదట. నాకంటే పెద్దది కాబట్టి నేను మర్యాదగా బల్లక్క అనేదాన్ని. చదువుకోసం కరీంనగర్ వచ్చి నాతోనే గదిలో ఉంటూ, ఊరి బయట గుట్టల దగ్గర ఆదివారాలు బండలెక్కడం నేర్పే ఒక సారు దగ్గర చేరింది. ఆయన గోదావరిఖని బొగ్గుగని కార్మికుడి కొడుకు, అందుకని అందరికీ ఖని సారు. జైనూర్ వైపు హాస్టల్ పిల్లలకు బండలెక్కడం నేర్పే శిబిరం ఉందని, తనకు తోడుగా బల్లక్కను తీసుకుపోతానని ఆయన అన్నాడు. పుట్టినప్పట్నుంచీ తిట్లు తినిపించిన గోడలెక్కే బుద్ధికి మొదటిసారి ఎవరో పని ఇస్తామన్నారు. అక్క మొహం వెలిగిపోయింది. పెద్దమ్మను ఎంతో బతిమాలితే చివరికి "పోతె పో గని, తాడు కట్టుకోనిదే కాలు పెట్టనని ఒట్టు పెట్టు" అని ఒప్పుకుంది.

ఈ ఘనకార్యాన్ని ఫోటోలు తీసే బాధ్యత నా మీద నేనే వేసుకున్నాను. స్టూడియోలో మూలపడ్డ కెమెరా అడిగి తెచ్చుకుని మొదటి ఆదివారం బండ కింద నిలబడ్డాను. నాకు తెలిసింది పెళ్ళిళ్ళ పద్ధతి. "అక్కా, జర ఇటు చూడు! గదువ పైకి! నవ్వు!" అని అరిచాను. "నీ నవ్వు పాడుగాను, చేతులు జారుతున్నయే! ఇంక జర సేపాపితే నేనే కిందికొస్త, దగ్గరికెల్లి తీసుకో!" అని పైనుంచి కేక. కిందనుంచి తీస్తే ఏం వస్తుందో అదే వచ్చింది, అన్ని ఫోటోల్లోనూ అక్క వెనకభాగమే. ఇంటివాళ్ళ గ్రూపులో పెడితే అక్క వాళ్ళ నాన్న, మా పెద్దబాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, మా పోరి మొహం మాకు యాదికున్నది గని, జర ముందటికెల్లి తియ్యరాదు?" ముందటికెల్లి తియ్యాలంటే నేను బండ లోపల ఉండాలని ఆయనకు ఎలా చెప్పను?

అప్పుడే మా స్టూడియో అన్న నన్ను ఫోటోలు తీసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఒకరు ఫోటో పెడితే మిగతావాళ్ళు బాగోగులు చెప్పాలి. (చేరిన కొత్తలోనే నేను కూడా పెద్దమనిషినై, ఎవరో పెట్టిన కొంగ ఫోటోకి "కొంగ మొహం సరిగా రాలేదు" అని రాశాను. ఆ కొంగ ఎగిరిపోతోంది పాపం.) అక్కడ అందరికీ పెద్ద, ఆదిలాబాద్ అంకుల్ ఒకాయన. జిన్నింగు మిల్లులో పని, చేతిలో మూరెడు లెన్సు, మాటలో సగం మరాఠీ. నేనీసారి పక్క బండెక్కి, అక్క మొహమూ కాళ్ళూ రెండూ వచ్చేలా తీసిన ఫోటో పెడితే మెచ్చుకుంటూ వాయిస్ మెసేజ్ పంపాడు. "ఛాన్! మస్తు ఛాన్ ఉన్నది బేటా! గని గా తాడేంది ఫోటోల అడ్డంగ? తాడు కనవడితే ఇగ భయమేముంటది, మజా ఏముంటది?"

అంతమాట అంటే నేను ఊరుకుంటానా? తాడంటే నా కంటికి ఇంకో కరెంటు వైరే. కూర్చుని శుభ్రంగా చెరిపేశాను. తాడు తగిలించే నడుం పట్టీ ఎబ్బెట్టుగా ఉందని దాన్ని చుడీదార్ రంగుతో కప్పేశాను. కింద పత్తిచేను మరీ దగ్గరగా ఉందని, నా మంచు కొండల్లోంచి ఒక లోయ తెచ్చి పెట్టాను. గ్రూపు గ్రూపంతా చప్పట్లే. అంకుల్ పూలగుత్తి బొమ్మలు పంపాడు. ఆ సంబరంలో, ఒళ్ళు తెలియక, ఇంటివాళ్ళ గ్రూపులో కూడా పెట్టేశాను.

మధ్యాహ్నం బస్సుకి పెద్దమ్మ దిగింది. బీడీలు చుట్టేది మధ్యలో లేచి వచ్చినట్టుంది, వేళ్ళకు తంబాకు ఇంకా అంటుకునే ఉంది. అరవలేదు. అక్క ముందు నిలబడి ఒకే మాట అడిగింది. "తాడేదే?"

"నేనే తీసేసిన పెద్దమ్మా, కంప్యూటర్ల" అని గబగబా అసలు ఫోటో తెరిచి చూపించాను. ఆ ఫోటో చూసింది, ఈ ఫోటో చూసింది, నా మొహం చూసింది.

"తీసేసెటిదానివి పెట్టలేవా? మొన్న మీ మామ పెండ్లి ఆల్బంల సచ్చిపోయిన మా బాపును తెచ్చి పెండ్లిపిల్ల పక్కకు నిలవెడితివి. గంత చేసినదానికి తాడు పెట్టుడు ఓ లెక్కనా?"

ఆ ఆల్బమ్ చూసి కళ్ళు తుడుచుకుంటూ నా తల నిమిరింది కూడా ఈ పెద్దమ్మే. "జైనూర్ లేదు గీనూర్ లేదు, బట్టలు సదురుకో" అంది. అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కో బట్టా మడతపెట్టి సంచిలో పెడుతుంటే నాకే ఏడుపొచ్చింది.

సంగతి తెలిసి ఖని సారు గది దగ్గరికి వచ్చాడు. వాదించలేదు. "ఫోటో ముచ్చట ఇడువుండ్రి అక్కా. పొద్దున బండకాడికొచ్చి మీ కండ్లతోని చూడుండ్రి. అటెంక తీస్కపోతనంటె నేనే బస్సెక్కిస్త" అన్నాడు.

మర్నాడు పెద్దమ్మ బండ కింద చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని పోగొట్టుకోవడం ఆమె ఒంట్లోనే లేదు. తునికాకు వైపు చూడకుండానే వేళ్ళు బీడీలు చుడుతున్నాయి, కళ్ళు మాత్రం కూతురి మీద. సారు తాడు పట్టుకున్నాడు, అక్క ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం పోయాక పట్టు జారి గాల్లో వేలాడింది. తాడు ఆపింది. ఇక్కడ చాట బోర్లాపడింది, తంబాకు బండలపాలైంది, పెద్దమ్మ ఉరికొచ్చి సారు వెనక మిగిలిన తాడును రెండు చేతులా పట్టేసింది.

"ఏం గాదక్కా, నేను పట్టుకున్న."

"నువ్వు పట్టుకో సారూ, ఎవలొద్దన్నరు? నేను గూడ పట్టుకుంట."

పైనుంచి అక్క మొత్తుకుంది. "అవ్వా, గుంజకే! నువ్వు గుంజితే నేనెక్కినట్టెట్ల అయితది?"

"ఎట్లనో అట్ల ఎక్కు. నేనీడనే ఉన్న."

అక్క ఎక్కింది. ఇద్దర్నీ ఒకే ఫోటోలో తియ్యాలని నేను వెనక్కి వెనక్కి పోయి పత్తిచేలో పడ్డాను. పైన వేలెడంత అక్క, మొహం లేదు. కింద సారు, ఆయన వెనక వీపు మాత్రమే కనిపిస్తూ పెద్దమ్మ. మధ్యలో ఉత్త బండ, దాని మీద నారింజరంగు తాడు. ఏ కొలతకూ నిలవని ఫోటో. గ్రూపులో పెడితే అంకుల్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "నడిమిట్ల ఖాళీ బగ్గున్నది బేటా. కట్ చేసి మీదోళ్ళనన్న ఉంచు, కిందోళ్ళనన్న ఉంచు." కింద తాడు పట్టుకున్నది పైనున్న పిల్ల తల్లి అని రాశాను. జవాబొచ్చింది. "అయితె గట్లనే ఉండనియ్యి."

బల్లక్క జైనూర్ పోయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పిల్లలు ఆమెను చూసి బండలెక్కుతున్నారు. వాళ్ళు తమ ఫోటోలు నాకు పంపి "ఎట్లున్నయి అక్కా?" అని అడిగితే, తాడు పట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారని ముందు అదే వెతుకుతాను. వైరు చెరపడంలో తనను మించినవాళ్ళు లేరనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ఆ ఫోటో సిరిసిల్లలో పెద్దమ్మ వాళ్ళ గోడకు పటం కట్టి ఉంది. ఎప్పుడు పోయినా దాని కింద కూర్చోబెట్టి అన్నం పెడుతూ, "అంతా మంచిగనే తీసినవు గని, నా మొహమే రాలే" అంటుంది. "కంప్యూటర్ల పెట్టాల్నా పెద్దమ్మా?" అంటాను.

"ఒద్దు తల్లీ" అని ఆమె గబుక్కున పటానికి అడ్డంగా చెయ్యి పెడుతుంది. "నువ్వు దాన్ని ముట్టకు."