సామ్యేలు సారు ఒళ్లో పసుపు గిటారు

ఒంటి మీద చిన్న గీత కూడా పడని పెద్దమనిషి నెత్తురోడుతున్నాడని ఒక ఫంక్షన్ హాలు జనం మొత్తాన్ని నమ్మించిన ఘనత నాది. ఆ పెద్దమనిషి ఎవరో కాదు, మాకు పదో తరగతిలో లెక్కలు చెప్పిన సామ్యేలు సారు. ఆయన్ను నేల మీద పడుకోబెట్టారు. కాళ్లు పైకి లేపారు. అంబులెన్సు కూడా వచ్చింది. ఇందులో నా దురుద్దేశం రవ్వంత కూడా లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను చేసిందల్లా ఒక గిటారు.

గిటారంటే భుజానికి తగిలించుకుని జుట్టు ఎగరేసేది కాదు. దీన్ని ల్యాప్ స్టీల్ అంటారు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడి చేత్తో మీటుతారు. మా ఊరి పెద్దవాళ్లు హవాయి గిటారు అనేవాళ్లు. ఫోనులో ఎవరో ముసలాయన దాన్ని వాయిస్తుంటే చూసి, ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాను. మా అమ్మ మాత్రం నేను రెండుసార్లు తిన్నాననే చెబుతుంది. ఆమె మాట మీరు పట్టించుకోకండి.

ఇదంతా ఐదారేళ్ల కిందటి సంగతి. అప్పటికి నేను బీఎస్సీ పూర్తి చేసి, ఏ పనీ లేకుండా చాలా బిజీగా ఉన్నాను. ఆర్మూరులో మా బాపుది పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును వ్యాపారులకు అమ్మించి పెట్టడం ఆయన పని. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచి, ఆ చప్పుడును బట్టి సరుకు ఎంత ఎండిందో చెప్పేస్తాడు. అంతటి చెవి ఉన్న మనిషికి నా గిటారు చప్పుడు నచ్చలేదు.

"గిది చెక్కనా, వాయిద్యమా?" అని అడిగాడు నేను చేసిన మొదటి గిటారు చూసి.

"వాయిద్యమే బాపూ."

"మరి లోపల బోలుగ లేదేంది?"

"గిది కరెంటుతోని మోగుతది."

"కరెంటు పోతే?"

నేను వంగి ప్లగ్గు గట్టిగా నొక్కాను. బాపు మాత్రం ఒక ఒప్పందానికి వచ్చాడు.

"జర ఇను. ఒక్కటంటే ఒక్క గిటారు పది మంది ముందట మోగాలె. మంచిగుంది అన్నరా, నీ ఇష్టం, గవే చేసుకో. లేకుంటే తెల్లారి సంది వచ్చి దుకాణంల కూసోవాలె. మళ్ల నోరెత్తద్దు."

సరిగ్గా అప్పుడే మా బడి పాత విద్యార్థులంతా కలిసి సామ్యేలు సారుకు సన్మానం చేయాలనుకున్నారు. సారు లెక్కల దగ్గర ఎంత కఠినమో హవాయి గిటారు దగ్గర అంత మెత్తన. ఆదివారాలు చర్చిలో ఆయన వాయిస్తుంటే బయట రోడ్డు మీద జనం బండ్లు ఆపుకుని వినేవాళ్లు. అయితే ఆయన పాత గిటారు వానలకు తడిసి, మెడ వంగి, ఏళ్లుగా అటక మీద ఉంది. నేను ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను.

"సార్, సన్మానం నాడు మీరు వాయించాలె. గిటారు నేను చేసిస్త."

సారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు.

"నువ్వు శ్రీకాంత్‌వి గదా? అర్ధ సంవత్సర పరీక్షల ఇరవై మూడు మార్కులు?"

"అవ్ సార్."

"మంచిది. కొలతలు మాత్రం ఇంకెవలతోనన్న పెట్టియ్యి."

పెట్టించాను. పక్కనే పెర్కిట్‌లో వడ్రంగి రాజన్న అని ఉన్నాడు. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ రోజు ఆయనకు అన్నం సహించదు. పాత టేకు దర్వాజ చెక్క తెచ్చి ఆయన దగ్గర కోయించాను. తీగలు, బిగించే మరలు, చప్పుడును పట్టే అయస్కాంతం ఆన్‌లైన్‌లో తెప్పించాను. బిగించి మీటితే, నేనే చేశానంటే నేనే నమ్మలేనంత బాగా మోగింది. కొలతలు నన్ను ముంచలేదు. నన్ను ముంచింది రంగు.

నాకు బంగారు రంగు కావాలి. బజారులో దొరికే రంగులేవీ నచ్చలేదు. ఒకరోజు బాపు గోదాములో బస్తాల మధ్య నిలబడి ఉండగా మెరుపులాంటి ఆలోచన వచ్చింది. చుట్టూ ఇంత బంగారం పెట్టుకుని రంగు కోసం ఊరంతా తిరగడం ఏమిటి? నాలుగు గుప్పిళ్ల కొమ్ములు తీసుకెళ్లి దంచి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, గుడ్డతో టేకు మీద పూశాను. ఏం రంగు! గిటారు చేసేవాళ్లు ఇంతమంది ఉన్నా ఈ ఆలోచన ఎవరికీ రాలేదే అని పొంగిపోయాను. ఎందుకు రాలేదో ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

రాజన్న కూడా మెచ్చుకున్నాడు. "మస్తున్నది. కని దీని మీద నాలుగు పూతలు పాలిష్ పడాలె. ముందట, ఎనుక, పక్కలకు, అన్నిటికి."

"ఎనుక ఎవలు సూస్తరన్నా? అది ఒళ్లెనే ఉంటది గదా."

"గందుకే అంటున్న," అని రాజన్న మళ్లీ చిత్రిక పట్టడంలో మునిగిపోయాడు.

ఆ 'గందుకే' అన్న మాటకు అర్థం నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ముందు వైపు నాలుగు పూతలు వేసేసరికి పాలిష్ డబ్బా ఖాళీ అయింది. వెనుక వైపు బోసిగా ఉంటుందేమోనని, లోటు తెలియకుండా ఇంకో మూడు పూతలు పసుపే వేశాను. ఎప్పుడైనా ఏ పనైనా మనసు పెట్టి చేశానంటే అది ఇదే.

సన్మానం మే నెలలో పెట్టారు. మే నెలలో ఆర్మూరంటే మీకు తెలియకపోతే చెబుతాను. సిద్ధులగుట్ట రాళ్లు పగలంతా కాగి, ఆ వేడిని ఊరికి సమానంగా పంచిపెడతాయి. హాలులో ఉన్న రెండు కూలర్లు ముఖ్య అతిథుల వైపు తిరిగి ఉన్నాయి. సారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చారు. ఆ ఇస్త్రీ మడత మీద వేలు పెడితే తెగుతుందేమో అన్నట్టుంది. ఆయన భార్య మరియమ్మ గారు ముందు వరుసలో కూర్చున్నారు. మా బాపు చివరి వరుసలో, తలుపు పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సారు గిటారును ఒళ్లో పెట్టుకుని కడ్డీ జార్చారు.

ఇక్కడ నేను వేళాకోళం ఆడలేను. ఏదో పాత జోల బాణీ. హాలంతా మంచినీళ్లు పోసినట్టు చల్లబడింది. మమ్మల్ని బెంచీల మీద నిలబెట్టిన చేయి అదేనంటే నమ్మబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి చూశాను. మా బాపు కట్టుకున్న చేతులు విప్పాడు. మా ఇంట్లో అది చప్పట్లతో సమానం. నేను గెలిచాననుకున్నాను.

చెమట కారుతున్నా లెక్కచేయకుండా సారు అరగంట వాయించారు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పించుకోవడానికి ఆయన గిటారు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

చప్పట్లు ఒక వైపు నుంచి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సారు తెల్ల ప్యాంటు తొడల నుంచి మోకాళ్ల దాకా నిండు పసుపు. మరక కూడా కాదు, చెమటకు దిగిన గిటారు అచ్చు. గిటారు మెడ ఎక్కడ మొదలైందో కూడా అందులో స్పష్టంగా కనబడుతోంది. మైకు పట్టుకున్న మా క్లాస్‌మేట్ "సారుకు రెండు నిమిషాలు టైమిద్దాం" అన్నాడు.

నేను ఒక్క గెంతులో వేదిక ఎక్కి, సారును వెనక వైపు గిన్నెలు తోమే చోటికి లాక్కెళ్లాను. అక్కడ బకెట్టులో నీళ్లు, డబ్బాలో సబ్బు పొడి ఉన్నాయి. నా ప్రాణం లేచి వచ్చింది.

"రెండే నిమిషాలు సార్, తెల్లగ చేస్త," అని మోకాళ్ల మీద కూర్చుని, సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి రుద్దడం మొదలుపెట్టాను.

"పోతున్నదా?" అన్నారు సారు, తల ఎత్తి గోడ వైపు చూస్తూ.

"రంగు మారుతున్నది సార్."

"ఏ రంగుకు?"

"మీరు కిందికి సూడకుండ్రి సార్."

చూశారు.

ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పుకోవాలి. నా బీఎస్సీలో ఒక సబ్జెక్టు కెమిస్ట్రీ. పసుపు పూసిన కాగితాన్ని సబ్బు నీళ్లలో ముంచితే ఎర్రబడుతుందని ప్రయోగం చేసి, రికార్డులో రాసి, లెక్చరర్ సంతకం కూడా చేయించుకున్నాను. అది చాలదన్నట్టు, పసుపులో సున్నం కలిపి ఎర్ర నీళ్లతో మా అమ్మ నాకు దిష్టి తీయని నెల లేదు. అంటే నాకు తెలియదని కాదు. తెలిసింది సమయానికి గుర్తు రాలేదు, అంతే. ఎర్రబడిన కొద్దీ భయపడి ఇంకా సబ్బు పోశాను. సబ్బు పోసిన కొద్దీ ఇంకా ఎర్రబడింది.

అప్పుడే గిన్నెలు తీసుకుని ఒక ఆమె లోపలికి వచ్చింది. ఎర్రగా తడిసిన సారును చూసింది. ఎర్ర గుడ్డ పట్టుకుని ఆయన ముందు కూర్చున్న నన్ను చూసింది. గిన్నెలు కింద పడేసింది.

"ఓయమ్మో! సారును పొడిసిండ్రు!"

హాలంతా వెనక్కి పరుగెత్తుకొచ్చింది. మా బ్యాచ్‌లో డాక్టరైనవాడు ఒక్కడే, ప్రవీణ్. పళ్ల డాక్టరు. అయినా ఆ రోజు వాడు వెనుకాడలేదు.

"ఎవలు ముట్టుకోకుండ్రి! సారును పండవెట్టుండ్రి! కాళ్లు కుర్చీ మీద పెట్టుండ్రి!"

"నాకేం గాలేదురా," అన్నారు సారు.

"షాక్‌ల ఉన్నోళ్లు గిట్లనే అంటరు సార్."

"రక్తం గాదు. రంగు."

"మాట గూడ తేడా వస్తున్నది. అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యుండ్రి!" అని కేకపెట్టి, ప్రవీణ్ సన్మానానికి తెచ్చిన పట్టు శాలువాతో సారు రెండు తొడలనూ కలిపి బిగించి కట్టేశాడు.

"నేను చేసిన గిటారు పసుపు అది" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎర్రటి చేతులతో అరిచేవాడి మాట ఎవరు వింటారు? ఇద్దరు నన్ను గట్టిగా పట్టుకుని కూడా ఉన్నారు.

జనాన్ని తోసుకుంటూ మా బాపు వచ్చాడు. వంగి, సారు ప్యాంటు అంచు మీద బొటనవేలు పెట్టి రుద్ది, వాసన చూశాడు.

"పసుపు," అన్నాడు.

బాపు మళ్లీ వాసన చూశాడు.

"మన సరుకే. ఏర్గట్ల రైతుది. గోదాంల ఎడమ దిక్కు బస్తాలయి గదరా?"

"అవ్ బాపూ."

"సూసిండ్రా, రంగు ఎట్ల పట్టిందో?" అన్నాడు పక్కనున్న వ్యాపారితో.

మరియమ్మ గారు, "ఎవలన్న ఒక నిమ్మకాయ తెండ్రయ్యా," అన్నారు. వంటవాళ్లు తెచ్చి ఇచ్చారు. ఆమె పిండిన చోటల్లా ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. చూస్తున్నవాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు కూడా.

"ఇగ లేవొచ్చా?" అన్నారు సారు, కాళ్లు కుర్చీ మీదే ఉంచి.

ఇంతలో అంబులెన్సు వాళ్లు స్ట్రెచరుతో వచ్చి, "పేషెంటు ఎవలు?" అని అడిగారు. అందరూ సారును చూపించారు. సారు నన్ను చూపించారు.

ఆ సాయంత్రం ఇంట్లో తల వంచుకుని, "రేపటి సంది దుకాణానికి వస్త బాపూ," అన్నాను.

బాపు అదిరిపడ్డాడు. "వద్దు బిడ్డా. పసుపుకు నువ్వు ఎంత దూరముంటే గంత మంచిది. నువ్వు గిటార్లే చేసుకో."

అలా గిటార్లు నాకు దక్కాయి. ఇంతటితో అయిపోతే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే గిటారు తీసుకెళ్లి, దాని వెనుక వైపు గీకి పాలిష్ వేసి ఇద్దామని సారు ఇంటికి వెళ్లాను. సారు ఫోనులో ఉన్నారు.

"ఆ, నేనే మాట్లాడుతున్న... లేదు, బతికే ఉన్న... నువ్వు ఏ బ్యాచ్?"

పెట్టేశారో లేదో మళ్లీ మోగింది. సంగతేమిటంటే, సారు కాళ్లు పైకెత్తుకుని ఎర్రగా పడుకున్న ఫోటోను ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఫోటో మాక్లూర్ చేరేసరికి సారు దవాఖానలో ఉన్నారు. డిచ్‌పల్లి చేరేసరికి లేరు.

నేను గిటారును రెండు చేతులతో కింది నుంచి ఎత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అదే సమయానికి గేటు ముందు డిచ్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన బైకు దిగాడు. చేతిలో నిలువెత్తు బంతిపూల దండ. నన్ను చూడగానే భోరుమని భుజం మీద పడ్డాడు.

"ఎన్ని గంటలకు పోయిండన్నా మా సారు?"

"ఎవలురా అది?" అంటూ సారే టీ గ్లాసుతో బయటికి వచ్చారు.

డిచ్‌పల్లి ఆయన నన్ను వదిలేసి వెనక్కి గెంతాడు. దండ కింద పడింది. సారు దాన్ని వంగి తీసి, దుమ్ము దులిపి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"నిన్నటి శాలువా కట్టుకే అయిపాయె. గిదన్న మెడల వెయ్యి," అని తల వంచారు.

ఆయన వేశాడు. మరియమ్మ గారు లోపలి నుంచి వచ్చి ఫోటో తీశారు. గ్రూపులో పెట్టడానికి.

గిటారు గోడకు ఆనించి, సారు ముందు నిలబడి, కుడి చేయి చాచి ప్రమాణం చేశాను.

"సార్, మీ మీద ఒట్టు. ఇగ జన్మల పసుపు పప్పుల తప్ప ఎయ్య. ఎనుక వైపు ఆరు పూతల పాలిష్ లేకుంట ఏ గిటారు గూడ మనిషి ఒళ్లె పెట్ట."

సారు నా అరచేతిని చూశారు. అది మణికట్టు దాకా పచ్చగా ఉంది.

"మంచిది. పో, చెయ్యి కడుక్కో," అన్నారు. నేను రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక వినిపించింది.

"సబ్బు ముట్టకు!"